నాన్నకు క్యాన్సర్ అని చెప్పకపోవడం తప్పా?

పెన్నాతీరం:
మా నాన్నగారు ఈ సంక్రాంతికి ముందు పోయారు. అన్నవాహిక క్యాన్సర్. బయటపడేసరికే కాలేయానికి పాకింది. మాది కావలి పక్క పల్లె. ఆయన రైతు, రోజూ పేపరు ఆసాంతం చదివే మనిషి. ఆయనకు కడుపులో పుండు అని మాత్రమే చెప్పాం. నేను, తమ్ముడు, మేనమామ కలిసి అలా అనుకున్నాం. చెన్నైలో డాక్టరు కూడా ముందు మమ్మల్నే బయటకు పిలిచి చెప్పారు. పెదకర్మ నాడు బంధువులందరి ముందు మా చెల్లెలు "మీరు నాన్నను మోసం చేసి పంపారు" అంది. అప్పటినుంచి మా మధ్య మాటలు లేవు. మా నాన్న గుండె దిటవు తక్కువ మనిషి. పెదనాన్న ఇదే జబ్బుతో పోయినప్పుడు నెలల తరబడి సరిగా అన్నం తినలేదు. అలాంటి మనిషికి పేరు చెబితే మర్నాడే మంచం పట్టేవారు. ఇందులో మోసం ఎక్కడుంది?

ఉదయగిరి_కోట:
తప్పేమీ లేదు. మా ఇంట్లోనూ అదే చేశాం.

సింగరాయకొండ:
ఆయనకు చుట్ట అలవాటు ఉందా?

గుండ్లకమ్మ:
తప్పే. మా నాన్నకు దవడ క్యాన్సర్ అని తేలినప్పుడు మా అన్నలు ఇలాగే దాచమన్నారు. నేను ఒప్పుకోలేదు, కూర్చోబెట్టి చెప్పాను. ఆ రోజంతా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు పాస్‌బుక్కులు తెమ్మన్నారు. పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) కౌలు తాలూకు బాకీలు ఎవరు ఎంత ఇవ్వాలో నాతో రాయించారు. ఏళ్ళ తరబడి మాటల్లేని మా బాబాయికి కబురు పెట్టారు. ఆయన వచ్చి మంచం పక్కన కూర్చుని ఏడ్చారు, ఇద్దరూ కలిసి మజ్జిగ తాగారు. చెప్పకపోయి ఉంటే ఇవేవీ జరిగేవి కావు. మీ నాన్నగారికి కూడా పిలిపించుకోవలసిన మనుషులు ఉండి ఉంటారు. ఎవరో మీకు తెలుసా?

పెన్నాతీరం:
మీ నాన్నగారు వేరు, మా నాన్న వేరు. ఆయనను నలభై ఏళ్ళు చూసినవాణ్ణి నేను. మొహర్రానికి నెల్లూరు రొట్టెల పండుగకు ఓపిక చేసుకుని వచ్చారు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి తన చేత్తో ఆరోగ్య రొట్టె అందుకున్నారు. ముద్ద మింగుడు పడని మనిషి, ఆ రొట్టె ముక్కను పాలలో నానబెట్టించుకుని తిన్నారు. నయమయ్యాక వచ్చే ఏడు నేనే పది రొట్టెలు పంచుతానన్నారు. ఆ ఆశను లాక్కుని నేనేం బావుకునేవాణ్ణి?
సింగరాయకొండ గారూ, మా నాన్న జీవితంలో చుట్ట గానీ సిగరెట్టు గానీ ముట్టలేదు. పరామర్శకు వచ్చిన ప్రతివారూ ఇదే అడిగారు, జబ్బు ఆయన చేజేతులా తెచ్చుకున్నట్టు.

వకీలు_ఒంగోలు:
నాది ఒకటే ప్రశ్న. కీమోకు సమ్మతి పత్రం మీద సంతకం ఎవరిది?

పెన్నాతీరం:
నాన్నదే.

వకీలు_ఒంగోలు:
దేనికని చెప్పి పెట్టించారు? 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. స్పృహలో ఉండి ఆలోచించగల వయోజనుడి వైద్యానికి సమ్మతి అతడే ఇవ్వాలి. ఆ కేసులో రోగి తల్లి ఇచ్చిన సమ్మతి కూడా చెల్లలేదు. ఏ వైద్యమో, దేనికో తెలియకుండా పెట్టిన సంతకం సమ్మతి కాదు.

పెన్నాతీరం:
కన్నతండ్రిని బతికించుకోవడానికి తిరుగుతుంటే కోర్టు తీర్పులు చదువుతూ కూర్చుంటామా?

పామూరు_దారి:
అసలు దాచడం ఎలా కుదిరింది? చెన్నై అంటే అడయారు క్యాన్సర్ ఆసుపత్రే కదా? ముత్తులక్ష్మి రెడ్డి గారు 1954లో స్థాపించిన ఆసుపత్రి అది, మన వైపు "అడయారు తీసుకెళ్ళారు" అంటే చాలు, పిల్లలకు కూడా అర్థమవుతుంది.

పెన్నాతీరం:
మేము వెళ్ళింది వేరే ఆసుపత్రి. బోర్డు మీద జబ్బు పేరు లేనిదే వెతికి చూసుకున్నాం.

పామూరు_దారి:
మరి రైలు రాయితీ? ఆ ఫారం మీద క్యాన్సర్ అని రాసే ఇస్తారు కదా.

పెన్నాతీరం:
ఫారం నా జేబులోనే ఉండేది. పినాకినిలో టీసీ వస్తే లేచి అవతలికి వెళ్ళి చూపించేవాణ్ణి.

సింగరాయకొండ:
చుట్ట లేకపోయినా బ్యారన్‌లో పొగాకు ఆరబెట్టే పని ఏమైనా చేశారా?

గుండ్లకమ్మ:
ఆ పొగ సంగతి వదిలేయండి దయచేసి. పెన్నాతీరం గారూ, జుట్టు ఊడినప్పుడు ఆయన ఏమీ అడగలేదా? పేపరు చదివే మనిషి అన్నారు. పుండుకు జుట్టు ఊడదని ఆయనకు తెలియదా?

పెన్నాతీరం:
అడిగారు. చెల్లెలిని అడిగారు. మందు వేడి అని చెప్పింది. అప్పుడు నేను బెంగళూరులో ఉన్నాను. ప్రతి కీమోకూ సెలవు పెట్టి వచ్చాను, డబ్బు మొత్తం నేనే పెట్టాను. ఆరోగ్యశ్రీ కింద వచ్చింది పోను మిగతా ఖర్చంతా నాదే. ఇవేవీ పెదకర్మ నాడు ఎవరికీ గుర్తు రాలేదు.

గుండ్లకమ్మ:
డబ్బు ఊసు నేను ఎత్తలేదు. అబద్ధం చెప్పాలని అనుకున్నది మీరు ముగ్గురు. రోజూ ఆయన కళ్ళలోకి చూసి చెప్పవలసి వచ్చింది ఆమె. ఆ ముగ్గురిలో ఆమె పేరు లేదు. ఆమెను అడిగారా?

పెన్నాతీరం:
మీరు మా చెల్లెలి తరఫున వచ్చినట్టు మాట్లాడుతున్నారు. ఆడపిల్ల, తట్టుకోలేదని అడగలేదు.

గుండ్లకమ్మ:
తట్టుకోలేని మనిషికే రాత్రి పహరా అప్పగించారా?

ఫార్మసిస్టు_కావలి:
ఇద్దరూ కాస్త శాంతించండి. ఆయనకు నొప్పి ఎలా ఉండేది? మార్ఫిన్ ఇచ్చారా?

పెన్నాతీరం:
రాశారు. అలవాటు పడిపోతారని, మనిషి మత్తులో ఉంటారని తమ్ముడు ఆపించాడు. నొప్పి మరీ ఎక్కువైనప్పుడు మాత్రం ఒకటి ఇచ్చేవాళ్ళం.

ఫార్మసిస్టు_కావలి:
చదివేవాళ్ళ కోసం రాస్తున్నాను. సాధారణ మార్ఫిన్ మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలు. అందుకే నొప్పి వచ్చాక కాకుండా గడియారం చూసి ఇవ్వమంటారు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే వ్యసనంగా మారడం అరుదు. మలబద్ధకం మాత్రం ఖాయం, దానికి మందు మొదటి రోజే కలిపి రాయించుకోవాలి. 1985 మాదకద్రవ్యాల చట్టానికి భయపడి చాలా చోట్ల మార్ఫిన్‌ను నిల్వ ఉంచడమే మానేశారు. 2014లో చట్టం సవరించాక గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు దారి సులువైంది. పాలియేటివ్ వైద్యం, అంటే నొప్పి, బాధ తగ్గించే వైద్యం ఉన్న ఆసుపత్రిలో అడగండి.

పెన్నాతీరం:
గుండ్లకమ్మ గారూ, మీకు తెలియనిది ఒకటి చెబుతాను. ఆశ ఉండబట్టే నాన్న ఆఖరి కీమోకు ఒప్పుకున్నారు. మొదట వద్దన్నారు, ఇంటికి పోదామన్నారు. పుండు దాదాపు మానింది, ఇంకొక్క సెలైన్ చాలని నచ్చజెప్పాం. చెప్పేసి ఉంటే ఆ రోజే చేతులెత్తేసేవారు.

గుండ్లకమ్మ:
మీ చెల్లెలి కోపం దాని గురించే. జబ్బు పేరు దాచినందుకు కాదు. ఆయన వద్దన్నారు. ఆ "వద్దు"ను అబద్ధంతో "సరే" చేయించారు. ఆ తర్వాత ఆయన లేచి తిరిగారా?

పెన్నాతీరం:
లేదు.
కానీ ఆపితే ఏమయ్యేదో మీరు చెప్పండి. ఊళ్ళో ఏమంటారు? డబ్బుకు వెనకాడి తండ్రిని ఇంటికి తెచ్చి పడుకోబెట్టాడంటారు. మా పెదనాన్న కొడుకును ఇప్పటికీ అంటున్నారు, నా చెవులతో విన్నాను. పెద్దకొడుకును నేను. ఆపమని నా నోటితో ఎలా అంటాను?

గుండ్లకమ్మ:
మీరు అనవలసిన పని లేదు. ఆయనే అన్నారు. నిజం తెలిసి అని ఉంటే, ఎవరు ఏమన్నా మా నాన్న మాట ఇది అని మీరు చెప్పగలిగేవారు.

పెన్నాతీరం:
లోకం అంత తేలిగ్గా నమ్మదమ్మా.

ఉదయగిరి_కోట:
నమ్మదు. ఇది మాత్రం నిజం.

కొత్త_సభ్యుడు:
నేను మర్రిపూడి వైపు వాణ్ణి. మా నాన్న బయాప్సీ రిపోర్టు నిన్న వచ్చింది. ఆయనకు ఇంకా తెలియదు. ఇదంతా చదివాక ఏం చేయాలో మరింత అర్థం కావడం లేదు.

పెన్నాతీరం:
చెప్పకు తమ్ముడూ. నొప్పి మందు మాత్రం ఆపకు.

గుండ్లకమ్మ:
రిపోర్టులో ఉన్నది తనకు చెప్పమంటారా, మీకు చెబితే చాలా అని ముందు ఆయన్నే అడుగు. కొందరు నిజంగానే మీరే చూసుకోండి అంటారు. అలా అంటే ఒక్క ముక్క కూడా చెప్పకు, నేనేమీ అనను. అడగకుండా మాత్రం నువ్వే తేల్చేయకు.

కొత్త_సభ్యుడు:
అడగనివ్వడానికి అమ్మ ఒప్పుకోవడం లేదు. ఆయనేమో ఫైలు తెచ్చి చదివి వినిపించమని పొద్దుటి నుంచి రెండుసార్లు అడిగారు.