రాటర్‌డామ్‌లో దిగిన మిరపకాయ ఏ దేశం లెక్కలోకి వెళ్తుంది?

టిక్కీలమ్మాయి, గుంటూరు:

అందరికీ నమస్కారం. యార్డు పక్కన ఒక మిర్చి ఎగుమతి ఆఫీసులో కాగితాల పని నాది. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఫైటో సర్టిఫికెట్, ల్యాబు రిపోర్టు అన్నీ నా టేబుల్ మీదుగానే పోవాలి. యూరప్ సరుకు అంటే అఫ్లాటాక్సిన్ బీ1 అనే బూజు విషం కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదు, ఆ రిపోర్టు వచ్చేదాకా నాకు అన్నం సయించదు.

మొన్న తొడిమ తీసిన తేజ రకం మిర్చి ఒక కంటైనరు పంపాం. కొన్నది జర్మనీలో డ్యూయిస్‌బుర్గ్ పార్టీ. దిగేది మాత్రం నెదర్లాండ్స్‌లో, రాటర్‌డామ్ రేవులో. ఇంట్లో మా తమ్ముడు గ్రూప్స్‌కి చదువుతున్నాడు. జర్మనీకీ నెదర్లాండ్స్‌కీ మధ్య ఏటా 200 బిలియన్ యూరోలకు పైగా సరుకు నడుస్తుందని వాడి నోట్సులో రాసుకున్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. నెదర్లాండ్స్ మన ఆంధ్రలో నాలుగో వంతు ఉంటుంది, జనం కోటీ ఎనభై లక్షలు. అంత సరుకు ఎక్కడ పండుతుందండీ? "మా మిరపకాయలు కూడా అందులో కలిపేసుకున్నారేమోరా" అన్నాను. "నీకు ప్రతిదానికీ మిరపకాయలే" అని వెక్కిరించాడు. పందెం వేసుకున్నాం. ఓనరు గారిని అడిగితే "డబ్బు పడిందా లేదా చూడమ్మా" అన్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

బందరు కాలవ:

మీ యార్డులోనే చూడండి. ఖమ్మం కాయ, కర్ణాటక నుంచి లారీల్లో వచ్చే బ్యాడిగి అన్నీ అక్కడ అమ్ముడుపోయి "గుంటూరు మిర్చి" అయిపోవట్లా? వాళ్ళదీ అదే కథ. దాన్ని రాటర్‌డామ్ ఎఫెక్ట్ అంటారు. నాకు తెలిసింది ఇంతే, మిగతాది తెలిసినవాళ్ళు అందుకోండి.

వెన్లో రిటర్న్, బ్రాడీపేట:

అమ్మా, మీ అనుమానంలో సగం నిజం ఉంది. నేను 2018 నుంచి 2024 దాకా వెన్లోలో ఒక గోడౌన్‌లో స్టాకు చూశాను. వెన్లో డచ్చివాళ్ళదే, అంటే నెదర్లాండ్స్‌దే గానీ సైకిలెక్కి కాసేపు తొక్కితే జర్మనీ. మా షెడ్డులో మూడు రకాల సరుకు ఉండేది. సీలు తీయకుండా, సుంకం కట్టకుండా టీ1 అనే కాగితం మీద నేరుగా జర్మనీ పోయేది మొదటిది. దాని యజమాని జర్మనీవాడే, కాబట్టి నెదర్లాండ్స్ ఎగుమతుల్లోకి రాదు, వాళ్ళకి మిగిలేది కిరాయే. రెండోది, డచ్ కంపెనీ కొని, సుంకం కట్టి, పెద్దగా మార్పేమీ లేకుండా జర్మనీకి అమ్మేది. ఇది వాళ్ళ ఎగుమతి లెక్కలో చేరుతుంది, "తిరుగు ఎగుమతి" అని విడిగా చూపిస్తారు. మూడోది అచ్చంగా వాళ్ళది: పూలు, జున్ను, రసాయనాలు, గాజు ఇళ్ళలో పండిన టమాటాలు. ఆ టమాటాలు రుచీ పచీ లేకుండా ఉంటాయని 1990ల్లో జర్మన్లు వాటికి "నీళ్ళ బాంబులు" అని పేరు పెట్టారు. తర్వాత డచ్చివాళ్ళు రకాలు మార్చుకున్నారు లెండి.

మీ కాయ ఇంకో దారిలో కూడా పోవచ్చు. జర్మనీవాడే రాటర్‌డామ్‌లో సుంకం కట్టేసి సరుకు విడిపించుకున్నాడనుకోండి. అప్పుడు యూరోస్టాట్, అంటే యూరోపియన్ యూనియన్ గణాంకాల ఆఫీసు పద్ధతిలో అది ఇండియా నుంచి నెదర్లాండ్స్ దిగుమతి, మళ్ళీ నెదర్లాండ్స్ నుంచి జర్మనీకి ఎగుమతి. జర్మనీవాళ్ళ సొంత లెక్క మాత్రం పుట్టిన దేశాన్ని చూస్తుంది, అక్కడ మీ మిరపకాయ ఇండియాదే. డబ్బా ఒకటే, చిట్టా పుస్తకాలు రెండు. ఇటువాళ్ళు చెప్పే ఎగుమతీ అటువాళ్ళు చెప్పే దిగుమతీ ఎందుకు కలవవంటే ఇదొక పెద్ద కారణం.

ఇంకో సంగతి. 1993 జనవరి నుంచి ఆ సరిహద్దులో కస్టమ్స్ గేటు లేదు. మరి లెక్క ఎవరు రాస్తారు? ఓ స్థాయి దాటిన కంపెనీలే నెలనెలా ఇంట్రాస్టాట్ అనే పట్టిక నింపాలి. మా గోడౌన్‌లో అది నా పనే. ఒకసారి వియత్నాం జీడిపప్పుకి మూలదేశం గడిలో నెదర్లాండ్స్ అని కొట్టేశాను. సరిచేసేదాకా డచ్చి నేల మీద జీడితోటలు మొలిచినట్టే! ఇక నవంబరు 1న సరిహద్దు పక్కనున్న జర్మన్లకి సెలవు, వెన్లోలో దుకాణాలు తెరిచే ఉంటాయి. ఆ రోజు కార్లు బారులు తీరేవి. వేయించిన కాఫీ మీద జర్మనీలో కిలోకి 2.19 యూరోల పన్ను, అందుకని డిక్కీల నిండా కాఫీ పొట్లాలు. అది మాత్రం ఆ పట్టికలో ఎక్కడా కనపడదు.

లారీ శీను, ఆటోనగర్:

లెక్కలు బానే ఉన్నాయిగానీ సరుకు ఎట్టా పోద్దో చెప్పలేదు గురువుగారు. రోడ్డూ రైలూ ఉన్నా బరువైన సరుకుకి రైన్ నదే. 1868 మాన్‌హైమ్ ఒప్పందం దగ్గర్నుంచీ ఆ నదిలో పడవ నడిపినందుకు టోలు లేదు. మన కాజ టోల్‌గేటు దగ్గర నిలబడ్డప్పుడల్లా నాకు అదే గుర్తొస్తది. అచ్చంగా గూడ్సు బండ్ల కోసమే రాటర్‌డామ్ నుంచి జర్మనీ బోర్డరు దాకా 160 కిలోమీటర్ల లైను 2007లో తెరిచారు. కాకపోతే నది నీళ్ళని నమ్ముకుంటే తిప్పలే. 2018 అక్టోబరులో జర్మనీలో రైన్ ఒడ్డునున్న కౌబ్ ఊరి దగ్గర నీటిమట్టం కొలబద్ద 25 సెంటీమీటర్లకు పడిపోయింది. పడవలు మూడో వంతు సరుకైనా ఎక్కించుకోలేక కిరాయిలు చుక్కలనంటాయి. మనం బ్యారేజీ దగ్గర 12 అడుగులు ఉందా అని చూసినట్టే వాళ్ళు కౌబ్ చూస్తారు. మేడమ్ గారి కాయ ఎండాకాలం పంపితే ఇరుక్కుపోద్ది.

వెన్లో రిటర్న్, బ్రాడీపేట:

శీనూ, బాగా చెప్పావు గానీ చిన్న సవరణ. కౌబ్ ఉన్నది ఎగువన. డ్యూయిస్‌బుర్గ్ దానికి చాలా కింద, రాటర్‌డామ్ వైపు. కౌబ్‌లో నీళ్ళు తగ్గితే దెబ్బ తినేది ఇంకా పైనున్న లుడ్విగ్స్‌హాఫెన్ రసాయన ఫ్యాక్టరీలు. డ్యూయిస్‌బుర్గ్ దాకా కూడా తక్కువ నీటిలో లోడు తగ్గించాల్సి వస్తుంది, కాకపోతే అంత ఘోరంగా కాదు. పైగా ఆ 25 అనేది నది లోతు కాదు, కొలబద్ద మీద అంకె. పడవ దారిలో మీటరు పైచిలుకు నీళ్ళు ఉన్నాయప్పుడు.

టిక్కీలమ్మాయి, గుంటూరు:

చాలా థాంక్స్ అండీ. ఒక్కటి చెప్పండి, ఆ తిరుగు ఎగుమతిలో వాళ్ళకి మిగిలేదెంత? మా కమీషన్ ఏజెంటు లాగానా?

వెన్లో రిటర్న్, బ్రాడీపేట:

దాదాపు అంతే. సొంత సరుకైతే యూరోలో సగానికి పైగా దేశంలోనే మిగులుతుంది. తిరుగు ఎగుమతిలో పదో పన్నెండో సెంట్లు. కాకపోతే కమీషన్ తక్కువైనా యార్డు పెద్దది కదమ్మా. మీ తమ్ముడికి ఇంకో బిట్టు ఇవ్వండి: 2023-24లో మన దేశం ఎగుమతుల్లో అమెరికా, యూఏఈ తర్వాత మూడో స్థానం నెదర్లాండ్స్‌ది. అందులో సగానికి పైగా పెట్రోలియం సరుకే. అదంతా ఆ కోటీ ఎనభై లక్షల మంది బళ్ళలో పోసుకున్నారంటే నేనైతే నమ్మను.

టిక్కీలమ్మాయి, గుంటూరు:

ఇవాళ ఫార్వర్డరుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. సరుకు రాటర్‌డామ్‌లో విడిపించట్లేదట, టీ1 మీదే డ్యూయిస్‌బుర్గ్ పోయి అక్కడ సుంకం కడతారట. అంటే మా కాయ ఆ 200 బిలియన్లలో లేదు, పందెం పోయింది. అరండల్‌పేటలో బజ్జీల బండి దగ్గర నాలుగు ప్లేట్లు నా ఖాతాలో తిన్నాడు, ఉల్లిపాయలు అదనంగా వేయించుకుని మరీ.

బందరు కాలవ:

ఆ బజ్జీ మిరపకాయ ఏ ఊరిదో కనుక్కున్నారా?