ఈ వారం సమస్య: “మిత్రులనె శత్రువులటంచు మేటి పలికె”

నిర్వాహకుడు:
తేటగీతి పాదం. వినగానే ఆ మేటికి మతి పోయిందా అనిపించాలి, పూరణ విన్నాక ఔను కదా అనిపించాలి. ఈసారి ఒక కట్టుబాటు ఉంది. మిత్రదేశాల సేనల మధ్య పాత పగలు, వాటి మీద పుట్టిన నవ్వులు, అంతవరకే. యతి తప్పితే వదలను.

మలక్‌పేట మాస్టారు:
చేయి కోల్పోయె ఫ్రెంచితోఁ జేసి పోరు
నలుబదేండ్లకు నాఫ్రెంచి నరులె తోడు
రష్యతోఁ బోరునందు నా రాగ్లనపుడు
మిత్రులనె శత్రువులటంచు మేటి పలికె.

1815లో వాటర్లూ దగ్గర నెపోలియన్ సేనతో తలపడి కుడిచేయి పోగొట్టుకున్నాడు రాగ్లన్. 1854లో బ్రిటిష్ సేనాపతిగా క్రిమియాకు వెళ్లేనాటికి ఫ్రెంచివాళ్లు పక్కన నిలిచిన మిత్రులు, ఎదుట ఉన్నది రష్యా. నోటి అలవాటు మాత్రం పోలేదు. ఫ్రెంచి అధికారులు వింటుండగానే శత్రువును “ఫ్రెంచివాళ్లు” అనేవాడట.

తిరుమలగిరి సుబేదారు:
మాస్టారూ, చిన్న సందేహం. ఆయన మిత్రుణ్ణి శత్రువు అనలేదు, శత్రువుకు మిత్రుడి పేరు పెట్టాడు. పాదం తలకిందులు కాలేదా?

మలక్‌పేట మాస్టారు:
“శత్రువులెవరు?” అనడిగితే ఆయన నోట వచ్చేది ఫ్రెంచివారి పేరే కదా సుబేదారు గారూ. అర్థం అక్కడ కుదిరింది.

నిర్వాహకుడు:
కుదిరింది, ఒప్పుకుంటున్నాను. “చేయి – జేసి” యతి చెవికి హాయిగా ఉంది, పోయిన చేయి మొదటి మాటగా రావడం ఇంకా బాగుంది. రెండో పాదంలో “నరులె” మాత్రం యతి కోసం పిలిచిన చుట్టం.

తిరుమలగిరి సుబేదారు:
రెండు వందల యేండ్ల యా రేవు వేడ్క
నెఱుపు నీలపు నావల నెదుట నిలిపి
నొచ్చునని ఫ్రెంచి వెనుకాడ నోట నెవఁడు
మిత్రులనె శత్రువులటంచు మేటి పలికె?

బ్రిటిష్ నౌకాదళం ఫ్రెంచి, స్పానిష్ నౌకలను ఓడించిన ట్రఫాల్గర్ యుద్ధం 1805లో. 2005లో పోర్ట్స్‌మత్ దగ్గర సముద్రంలో ఆ పోరును మళ్లీ చూపించినప్పుడు బ్రిటన్, ఫ్రాన్స్ అనకుండా ఎర్రదళం, నీలదళం అన్నారు. ఫ్రెంచి విమానవాహక నౌక అతిథిగా వచ్చింది మరి. కాంగోలో ఐక్యరాజ్యసమితి నీలిటోపీ పెట్టుకున్న రోజుల్లో మేమూ, పాకిస్తాన్ జవాన్లూ క్రికెట్ మీద ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్లం. స్కోర్లు వచ్చేవి, ఓడిన ఆటగాళ్ల పేర్లు వచ్చేవి. కార్గిల్ మాట ఎవరి నోటా రాలేదు. ఎక్కడ ఆగాలో ఇద్దరికీ తెలుసు.

నిర్వాహకుడు:
ప్రశ్నగా మలచడం పాత ఎత్తే, ఇక్కడ దానికి పని ఉంది. ఎవరూ అనలేదన్నదే మీ పద్యం ప్రాణం. “రేవు వేడ్క” అన్నంత మాత్రాన ట్రఫాల్గర్ స్ఫురించదు, వివరణ లేకపోతే పద్యం నిలవదు. ఆ ఒక్క లోటు దిద్దండి.

మూసారాంబాగ్ అక్కయ్య:
తోపు సాంచాను నిలిపిన దొరల దళము
ఆంగ్లజనులతో సంధికి నడ్డు కాగ
నిన్నమొన్నటి దోస్తులన్ నేఁడె తఱిమి
మిత్రులనె శత్రువులటంచు మేటి పలికె.

ఇంగ్లిషువాళ్లకూ ఫ్రెంచివాళ్లకూ ఉన్న పగ మన హైదరాబాదులోనూ కాపురం చేసింది. నిజాం కొలువులో ఫ్రెంచి దళాన్ని నడిపి, గన్‌ఫౌండ్రీలో (అదే తోపు సాంచా) ఫిరంగులు పోయించిన రేమండ్ 1798 మార్చిలో పోయాడు. ఆ సెప్టెంబరులోనే నిజాం ఇంగ్లిషువాళ్ల ఈస్టిండియా కంపెనీతో సంధి చేసుకున్నాడు. ఫ్రెంచి దళాన్ని తీసెయ్యాలన్నది అందులో షరతు. అక్టోబరులో ఆ సిపాయిల చేత ఆయుధాలు కింద పెట్టించారు. మొన్న ఆదివారం పొద్దున్నే ఆస్మాన్‌గఢ్ గుట్టెక్కి రేమండ్ సమాధి చూసొచ్చాను. రాతిస్తంభం మీద చెక్కిన జె.ఆర్. అన్న అక్షరాలు వేలితో తడిమాను, ఎండకు అప్పటికే వెచ్చబడ్డాయి. మాన్సియర్ రేమండ్ జనం నోట మూసా రాం అయ్యాడు, మా పేటకు ఆ పేరే మిగిలింది.

మలక్‌పేట మాస్టారు:
అక్కయ్యా, కళ్లు చెమర్చాయి. ఛందస్సులో వంక లేదు. మరి మేటి ఎవరు? నిజామా, ఇంగ్లిషు రెసిడెంటా? పద్యంలో కర్త కనబడడు.

తిరుమలగిరి సుబేదారు:
ఇందులో నవ్వు ఎక్కడుందని నా ప్రశ్న.

మూసారాంబాగ్ అక్కయ్య:
తరిమిన పాలకుడి పేరు ఊళ్లో చాలాచోట్ల ఉంది సరే, వెళ్లగొట్టించుకున్న దళం నాయకుడి పేరు కూడా బస్సు కండక్టరు నోట రోజూ వినిపిస్తుంది. నాకు నవ్వొచ్చింది అక్కడే. కర్త సంగతి మాస్టారన్నది నిజం. మూడో పాదం మార్చాను:

మన నిజామలి దోస్తుల మఱచి తఱిమి

నిర్వాహకుడు:
కర్త దొరికాడు, “మన” అన్నచోట చనువూ వచ్చింది. “నిన్నమొన్నటి” పోయినందుకు మాత్రం నా మనసు ఒప్పడం లేదు, ద్రోహం ఎంత త్వరగా జరిగిందో ఆ మాటలోనే ఉండేది. రెండూ ఇమిడే పాదం ఎవరైనా కట్టగలరా? శనివారం రాత్రిదాకా గడువు.