మతం మారే ఉద్దేశం లేనప్పుడు మిషనరీలతో గుమ్మంలో కబుర్లు తప్పా?

గుమ్మడిపువ్వు:
మేముండేది అమెరికాలో. మొన్న బెల్ మోగితే పార్సిల్ వచ్చిందనుకుని తలుపు తీశాను. తెల్ల చొక్కాలు, టైలు, జేబు మీద నల్ల బ్యాడ్జీలతో ఇద్దరు కుర్రాళ్ళు. మోర్మన్ అనే క్రైస్తవ సంఘం తరఫున మతప్రచారం చేసే మిషనరీలట. ఒకబ్బాయి గడగడా మాట్లాడేస్తున్నాడు. రెండో అబ్బాయి కొత్త అనుకుంటా, ఏదో మొదలుపెట్టడం, మధ్యలో ఆగి పక్కవాడి మొహం చూడటం. ఎండన పడి వచ్చారు కదా, లోపలికి రండి అన్నాను. "ఇంట్లో ఇంకెవరైనా పెద్దవాళ్ళున్నారా?" అని అడిగాడు. నాకు గుండె ఝల్లుమంది. మావారు లేరని నోట్లోంచి వచ్చేసింది. "అయితే ఇక్కడే నిలబడతాం" అన్నాడు! టీ ఇస్తానంటే వద్దని మంచినీళ్ళు తాగారు.

పునర్జన్మ గురించి అడిగారు, చెప్పాను. చనిపోయాక కూడా కుటుంబాలు కలిసే ఉంటాయని వాళ్ళ నమ్మకమట, విన్నాను. నేను మతం మారనని ముందే చెప్పాను. వెళ్ళేటప్పుడు నంబరడిగితే ఇచ్చాను.

ఇక ఇంట్లో పంచాయితీ. మారే ఉద్దేశం లేనప్పుడు అంతసేపు మాట్లాడి ఆశపెట్టడం తప్పు అంటారు మావారు. మనిషితో మాట్లాడితే ఆశపెట్టినట్టు ఎలా అవుతుంది అంటాను నేను. మీరేమంటారు?

నిక్కచ్చి:
మీవారితో ఏకీభవిస్తాను. మీరు కబుర్లనుకున్నది వాళ్ళకు డ్యూటీ. వాళ్ళ ఫోన్లో యాప్ ఉంటుంది. ఎవరితో మాట్లాడారు, ఏం చెప్పారు, మళ్ళీ ఎప్పుడు రావాలి, అన్నీ అందులో ఎక్కుతాయి. ఏ పాఠంలో ఏం చెప్పాలో, బాప్తిస్మానికి ఎలా ఆహ్వానించాలో నేర్పే గైడు కూడా ఉంది. మిషనరీలను ఇంచుమించు ఆరు వారాలకోసారి అటూ ఇటూ మారుస్తుంటారు. ఈ ఇద్దరూ వెళ్ళిపోయినా మీ పేరు అక్కడే ఉంటుంది, తర్వాత వచ్చే ఇద్దరూ మీ బెల్లే కొడతారు. "మారను" అని నోటితో చెప్పి చేత్తో నంబరిస్తే వాళ్ళు దేన్ని లెక్కలోకి తీసుకోవాలి?

పాతరూమ్మేట్:
మీరు భయపడిన ప్రశ్న గురించి ముందు చెప్తాను. అది వాళ్ళ రూలు. ఇంట్లో ఆడమనిషి ఒక్కరే ఉంటే మగ మిషనరీలు లోపలికి రాకూడదు. ఆడ మిషనరీలకూ ఇలాంటి రూలే. ఎప్పుడూ ఇద్దరిద్దరుగానే తిరగాలి. టీ వద్దనడం కూడా మొహమాటం కాదు. వాళ్ళ మతంలో టీ, కాఫీ, మద్యం, పొగాకు నిషేధం.

నాతో యూనివర్సిటీలో ఒకే రూమ్‌లో ఉన్నతను మిషన్ చేసొచ్చినవాడే. అబ్బాయిలకు రెండేళ్ళు, అమ్మాయిలకు ఏడాదిన్నర. జీతం ఉండదు. పైగా అమెరికా వాళ్ళయితే నెలకు 500 డాలర్లు వాళ్ళో, వాళ్ళ ఇంట్లోవాళ్ళో కట్టాలి. 2019 ముందు వరకూ ఇంటికి ఫోన్ చెయ్యాలంటే క్రిస్మస్‌కి, మదర్స్ డేకి, అంతే. ఇప్పుడు వారానికోసారి చేసుకోవచ్చు. మొహం మీద తలుపేస్తే రెండు నిమిషాల్లో మర్చిపోతామని అతను అనేవాడు. "వచ్చే వారం రండి" అని చెప్పి, ఆ రోజు లోపల టీవీ మోగుతుండగా తలుపు తియ్యనివాళ్ళే ఎక్కువ బాధపెట్టేవారట. గుమ్మడిపువ్వు గారు అలాంటిదేమీ చెయ్యలేదు. నీళ్ళిచ్చారు, మారనని చెప్పారు. ఇందులో మోసం ఎక్కడుంది?

తేటతెల్లం:
అందరూ వాళ్ళ మీద జాలిపడుతున్నారు కానీ గుమ్మంలో వాళ్ళు చెప్పని సంగతుల మాటేమిటి? 1830లో జోసెఫ్ స్మిత్ పెట్టిన సంఘం అది. బహుభార్యాత్వాన్ని ఆపుతున్నామని 1890లో గానీ ప్రకటించలేదు. నల్లజాతి మగవాళ్ళకు 1978 దాకా యాజకత్వం, అంటే మతకర్మలు జరిపే అధికారం, ఇవ్వలేదు. పెట్టుబడుల వివరాలు సరిగ్గా బయటపెట్టనందుకు 2023లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ వాళ్ళ పెట్టుబడుల సంస్థకూ చర్చికీ కలిపి 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది. చేరినవాళ్ళు ఆదాయంలో పదోవంతు ఇవ్వాలి. కుటుంబాలు కలిసుంటాయని మొదటి రోజే చెప్తారు, ఇవి మొదటి రోజు చెప్తారా? లోపలికి పిలిచి ఇవన్నీ అడగాలి. అప్పుడు మాట్లాడినందుకు అర్థం ఉంటుంది.

పాతరూమ్మేట్:
పందొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి జరిమానా గురించి నిలదీసి ఏం సాధిస్తారు? వాడికి ఆ ఫైళ్ళతో ఏం సంబంధం? చర్చి ఆఫీసు సాల్ట్ లేక్ సిటీలో ఉంది, అక్కడికి ఉత్తరం రాయండి.

తేటతెల్లం:
సంస్థ బ్యాడ్జీ పెట్టుకుని నా గుమ్మం ఎక్కినవాణ్ణి ఆ సంస్థ గురించి కాకపోతే క్రికెట్ గురించి అడగాలా?

వాక్యప్రియుడు:
నేను పుట్టుకతో క్రైస్తవుణ్ణి. నా దగ్గరకొస్తే మాత్రం వదలను. బైబిల్ తీసి కూర్చుంటాను. మేము నమ్మే త్రిత్వాన్ని, అంటే ముగ్గురూ కలిసి ఒకే దేవుడన్నదాన్ని, వాళ్ళు ఒప్పుకోరు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ వేర్వేరు అంటారు. బైబిల్‌తో సమానంగా మోర్మన్ గ్రంథాన్నీ చదువుతారు. వాళ్ళ బాప్తిస్మం చెల్లదని 2001లో వాటికన్ కూడా తేల్చేసింది. పోయినసారి వచ్చినవాళ్ళతో చీకటి పడేదాకా వాదించాను. చివరికి వాళ్ళే వాచీ చూసుకోవడం మొదలుపెట్టారు.

నిక్కచ్చి:
వాక్యప్రియుడు గారూ, దీన్ని నేను మర్యాద అనను. వాళ్ళు మిమ్మల్ని మార్చడానికొస్తే మీరు వాళ్ళను మార్చడానికి కూర్చోబెట్టారు. ఇద్దరిలో ఒక్కరు కూడా వినలేదు.

వాక్యప్రియుడు:
నేనేం వాళ్ళింటికి వెళ్ళలేదు కదండీ. వచ్చింది వాళ్ళు.

చట్టంచుట్టం:
వచ్చే హక్కు వాళ్ళకుంది, కనీసం అమెరికాలో. ఇంటింటికీ తిరగాలంటే ముందు పర్మిట్ తీసుకోవాలని ఒహాయోలో స్ట్రాటన్ అనే ఊరు రూలు పెడితే, ఇలాగే ఇంటింటికీ తిరిగే యెహోవా సాక్షులు అనే ఇంకో మతశాఖవాళ్ళు కోర్టుకెక్కారు. మత ప్రచారానికి అలాంటి పర్మిట్ అడగడం చెల్లదని 2002లో సుప్రీంకోర్టు 8-1 తేడాతో కొట్టేసింది. తలుపు దగ్గర "ఎవరూ రావద్దు" అని బోర్డు పెట్టుకోవడానికి, వచ్చినవాళ్ళతో మాట్లాడనని చెప్పడానికి ఇంటివాళ్ళకున్న హక్కు మాత్రం అలాగే ఉందని ఆ తీర్పులోనే గుర్తుచేసింది. అన్నిచోట్లా ఇలా ఉండదు. రష్యా 2016లో చట్టం తెచ్చి ఇంటింటి ప్రచారం ఆపేస్తే, అక్కడి మోర్మన్ మిషనరీలు వాలంటీర్లన్న పేరుతో పనిచెయ్యాల్సొచ్చింది.

కాబట్టి గుమ్మడిపువ్వు గారూ, బోర్డు పెట్టలేదు, తలుపు మీరే తీశారు, పొమ్మని అనలేదు. వాళ్ళ వైపు తప్పు లేదు. మీ వైపు కూడా లేదు. మిగిలింది ఆ నంబరే.

గుమ్మడిపువ్వు:
అందరూ నంబరు దగ్గరే ఆగిపోతున్నారు. నేను తెలిసే ఇచ్చాను. మళ్ళీ వచ్చేముందు మెసేజ్ పెడతారు, చెప్పాపెట్టకుండా బెల్ కొట్టరు అనుకున్నాను. అనుకున్నట్టే నిన్న మెసేజ్ వచ్చింది, గురువారం రావచ్చా అని. "పాఠాలు వద్దు, మీ రికార్డులో అలాగే రాసుకోండి. ఎండగా ఉంటే మంచినీళ్ళకు మాత్రం ఆగవచ్చు" అని జవాబిచ్చాను. ఇంతకన్నా తేటగా ఎలా చెప్పాలి? నమ్మకం లేనివాళ్ళు మిషనరీలతో మాట్లాడకూడదంటే వాళ్ళు ఇక ఎవరితో మాట్లాడాలి? నమ్మకం ఉన్నవాళ్ళతో మాట్లాడటానికైతే ఇల్లు వదిలి ఇంత దూరం రానక్కర్లేదు కదా.

నిక్కచ్చి:
మొదటి వాక్యం బావుంది. రెండోది వాళ్ళకు ఆహ్వానంలా వినిపిస్తుంది. ఇంతకీ ఏమన్నారు?

గుమ్మడిపువ్వు:
"చెప్పినందుకు థాంక్స్" అని, ఆ వెంటనే, "మా మాటలు వినాలనుకునే వాళ్ళెవరైనా మీకు తెలుసా?" అని. తెలియదన్నాను. సరే అన్నారు, ఆపేశారు.

నిక్కచ్చి:
చూశారా? వద్దన్నాక కూడా ఇంకో పేరు అడిగారు.

పాతరూమ్మేట్:
అడిగారు, లేదంటే ఊరుకున్నారు. ఆ మాత్రం అడిగే చనువు కూడా ఉండకూడదా?

నిక్కచ్చి:
అది చనువు కాదండీ, గైడులో రాసున్న ప్రశ్న.