గ్రాఫిటీ కళ కావాలంటే గోడ యజమాని అనుమతి ఉండాలా?

చిత్రలేఖనం_టీచరు (ప్రశ్న):

న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో ‘ఫైవ్ పాయింట్జ్’ అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన పాత కర్మాగార భవనం ఒకటి ఉండేది. ఏడో నంబరు రైలులో వెళ్లేవారికి కిటికీలోంచి కనిపించే ఆ గోడలను వివిధ దేశాల నుంచి వచ్చిన గ్రాఫిటీ కళాకారులు ఏళ్ల తరబడి బొమ్మలతో నింపారు. 2013 నవంబరులో ఒక రాత్రి యజమాని ఆ బొమ్మల మీద తెల్లరంగు పూయించాడు. మరుసటి ఏడాది భవనాన్నే కూల్పించాడు. 2018లో న్యాయస్థానం 21 మంది కళాకారులకు 67.5 లక్షల డాలర్ల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది.

ఆ బొమ్మలకు కళ అనే గౌరవం దక్కింది అవి బాగున్నందుకా, లేక యజమాని వేయనిచ్చినందుకా? అవే బొమ్మలను అదే కళాకారులు పక్కవీధిలో ఎవరికీ చెప్పకుండా వేసి ఉంటే పోలీసులు వచ్చేవారు కదా! విద్యార్థులు ఈ మాట అడిగినప్పుడు ‘అందంగా ఉంటే కళే’ అని దాటవేయడం నాకు తృప్తినివ్వడం లేదు.

సెక్షన్_57:

టీచరు గారూ, న్యాయస్థానం ఈ రెండు ప్రశ్నలనూ విడివిడిగానే చూసింది. అమెరికాలో దృశ్య కళాకారుల హక్కుల కోసం 1990లో చేసిన చట్టం ప్రకారం, గుర్తింపు పొందిన స్థాయి గల కృతిని, అది ఉన్న గోడ ఇతరులదే అయినా, ఇష్టం వచ్చినట్లు నాశనం చేయడానికి వీలులేదు. జడ్జి ఫ్రెడరిక్ బ్లాక్ తన ముందుకు వచ్చిన 49 బొమ్మలను పరిశీలించి, వాటిలో 45 ఆ స్థాయికి చేరాయని నిర్ణయించి, ఒక్కొక్కదానికి చట్టం అనుమతించే గరిష్ఠ మొత్తం లక్షా యాభై వేల డాలర్లు విధించారు. ఇదే జడ్జి 2013లో కూల్చివేతను ఆపడానికి నిరాకరించిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి. యజమాని కూల్చివేతకు అనుమతులు వచ్చేదాకా ఆగి, ఆ తరువాతే భవనాన్ని కూల్చి ఉంటే, ఉద్దేశపూర్వకంగా చేశాడని తాను భావించేవాడిని కానని ఆయన తీర్పులోనే రాశారు. అంటే ఇంత భారీ పరిహారానికి కారణం కూల్చివేత కాదు, గడువు ఇవ్వకుండా రాత్రికి రాత్రి రంగు పూయించిన తీరు.

అనుమతి సంగతికి వస్తే, న్యూయార్క్‌లోనే 1997లో మరో కేసు నడిచింది. ఒక ఖాళీ స్థలంలోని తోటలో యజమాని సమ్మతి లేకుండా వేసిన కుడ్యచిత్రాలకు ఈ చట్టం రక్షణ ఇవ్వదని అక్కడ కోర్టు చెప్పింది. అవి కళ కావని మాత్రం అనలేదు.

ప్రహరీగోడ:

నాకు ఈ తీర్పు న్యాయంగా అనిపించదు. ఫైవ్ పాయింట్జ్ యజమాని తన గోడలను ఏళ్ల తరబడి వాడుకోనిచ్చాడు. చివరికి శిక్ష పడింది కూడా ఆయనకే. ఇది చూసిన మరో యజమాని తన గోడ మీద కుంచె పెట్టనిస్తాడా? మా ఇంటి ప్రహరీకి రంగు వేయించిన వారం లోపే ట్యూషన్ ప్రకటన ఒకటి ప్రత్యక్షమైంది, దాని పక్కనే ఎవరికో జిందాబాద్ వెలిసింది. వాటిని గీసినవాడి చేతిలోనూ చక్కటి నైపుణ్యం ఉంది, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అయినా రంగు ఖర్చు నాదే. కళను కొలిచేవారు ఆ ఖర్చును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

డబ్బా_రంగు:

ప్రహరీగోడ గారి కోపంలో న్యాయం ఉంది. కానీ ప్రకటన రాసే పెయింటరును, గ్రాఫిటీ వేసేవాడిని ఒకే గాటన కట్టలేము. న్యూయార్క్‌లో 1970ల నాటి యువకులు రైలు పెట్టెల మీద రాసినది తమ పేరే. ఏ సరుకూ అమ్మలేదు. కదిలే రైలు మీది పేరు దూరం నుంచి చదవగలగాలి, కాపలాదారు వచ్చేలోపు పని ముగియాలి. లావు గీతలు, ఒకదానిలో ఒకటి చొచ్చుకుపోయే అక్షరాలు, గబగబా నింపే రంగులు ఈ తొందరలోంచే పుట్టాయి. కాబట్టి దొంగచాటుతనం ఈ కళకు బయటి నుంచి అంటిన మచ్చ కాదు, దాని రూపంలోనే కలిసిపోయింది. రూపం ఎలా పుట్టినా, ఎవరి గోడ మీద వేసినా సరేనని మాత్రం నేను అనను.

ఫైవ్ పాయింట్జ్‌లో ఈ రూపమే అనుమతితో పెరిగింది. 2002 నుంచి అక్కడ నిర్వాహకుడిగా ఉన్న జోనథన్ కోహెన్, తాను కూడా గ్రాఫిటీ కళాకారుడే, ఎవరికి ఏ గోడ ఇవ్వాలో, ఏ బొమ్మ ఎంతకాలం ఉండాలో నిర్ణయించేవాడు. కొన్ని గోడలు తరచూ మారేవి, కొన్ని ఏళ్ల తరబడి అలాగే ఉండేవి. ఏ గ్యాలరీ క్యూరేటరుకూ తీసిపోని పని అది. టీచరు గారు విద్యార్థులకు ఈ ఎంపిక గురించి చెబితే, అందం గురించిన చర్చ దానంతట అదే గట్టిపడుతుందని నా అభిప్రాయం.

చెరిగిపోయేదానికి స్థాయి ఏమిటని కూడా అడుగుతుంటారు. 2020లో ఇదే కేసులో అప్పీలు కోర్టు ఆ వాదనను తోసిపుచ్చుతూ, సెంట్రల్ పార్కులో 2005లో కొద్దిరోజులే నిలిచిన క్రిస్టో, జాన్-క్లోడ్‌ల ‘ద గేట్స్’ అనే కళాకృతిని ఉదాహరణగా చూపింది.

చిత్రలేఖనం_టీచరు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కళ అవునా కాదా అనేది ఒక ప్రశ్న, గోడ మీద హక్కు ఎవరిది అనేది మరొక ప్రశ్న అని ఇప్పుడు విద్యార్థులకు చెప్పగలను. మన దేశంలో యజమాని, కళాకారుడు తగవు పడితే ఏమవుతుంది?

సెక్షన్_57:

మన కాపీరైటు చట్టంలోని 57వ సెక్షను కళాకారుడి నైతిక హక్కులను, అంటే కృతి చేతులు మారాక కూడా అది తనదని చెప్పుకునే, దాన్ని పాడుచేస్తే అడ్డుకునే హక్కులను కాపాడుతుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి మూలన పడేస్తే, 2005లో హైకోర్టు ఆయనకు అయిదు లక్షల రూపాయల పరిహారం ఇప్పించి, మిగిలిన భాగాలను తిరిగి ఇవ్వమంది. అయితే అది ప్రభుత్వమే కోరి చేయించుకున్న కృతి. చెప్పకుండా వేసిన బొమ్మకు ఈ తీర్పు అండగా నిలుస్తుందని ఎవరూ అనుకోకూడదు.

ప్రహరీగోడ గారి భయానికి అమెరికా చట్టంలోనే మందు ఉంది. భవనం నుంచి విడదీయలేని బొమ్మ అయితే, అది పాడు కావచ్చని తెలిసే ఒప్పుకుంటున్నానని వేసే ముందే కళాకారుడి చేత రాతపూర్వకంగా సంతకం చేయించుకోవచ్చు. ఫైవ్ పాయింట్జ్ యజమాని ఆ సంతకాలు తీసుకోలేదు.

ప్రహరీగోడ:

అలాగైతే మా వెనక గోడ ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. కాగితం మీద సంతకం, ఎప్పటిదాకా ఉండాలో తేదీ, రెండూ కావాలి. టీచరు గారి విద్యార్థులు బొమ్మ నమూనా ముందుగా చూపిస్తే మాట్లాడుకోవచ్చు.