అప్‌డేట్: వాటర్ పంప్ దొరికింది, నంబరే మారింది

నా 2012 డీజిల్ కారుకి వాటర్ పంప్ (ఇంజిన్ చల్లబరిచే నీళ్లని తిప్పేది) ఎక్కడ అడిగినా లేదంటున్నారు, కంపెనీ తయారీ ఆపేసిందా అని పోయినవారం అడిగాను. ఆపలేదండీ. బెంగళూరు జేసీ రోడ్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపాయన కంప్యూటర్లో బండి ఛాసిస్ నంబర్ కొట్టి చూపించారు. పంపు మార్చినప్పుడల్లా పార్ట్ నంబర్ చివరి అక్షరం మారుతూ వచ్చింది: మొదట 'ఏ', తర్వాత 'బి', ఇప్పుడు 'సి'. పాత నంబరుతో వెతికితే స్టాక్ లేదనే వస్తుంది, అక్కడే నేను వారం పోగొట్టుకున్నాను.

పాత పంపులో రెక్కల చక్రం ప్లాస్టిక్‌ది. వేడికి పగిలి, షాఫ్ట్ తిరిగినా నీళ్లు తిరగవు. కొత్తదాంట్లో లోహపుది పెట్టారు. పాత బండికి సరిగ్గా కూర్చుంటుంది, కానీ గ్యాస్కెట్ (పంపుకీ ఇంజిన్‌కీ మధ్య లీకవ్వకుండా పెట్టే సీలు) కూడా మారింది, విడిగా కొనాలి. దయచేసి అది మర్చిపోకండి, పాతది వేస్తే కూలెంట్ (ఆ చల్లబరిచే నీళ్లు) కారుతుంది.

నిన్న హోసూరు దాకా వెళ్లొచ్చాం. టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.