చైనా కాంట్రాక్టు ఇంగ్లిస్ హై-పవర్: ధర సమంజసమేనా, ఏ మ్యాగజైన్ సరిపోతుంది?

డాలస్ నుంచి, ప్రశ్న:

అందరికీ నమస్కారం. పాత సైనిక పిస్టల్ కొనడం నాకు ఇదే మొదటిసారి కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. మా నాన్నగారు సికింద్రాబాదులో సైన్యపు యంత్రాల మరమ్మతు విభాగమైన ఇ.ఎం.ఇ.లో పనిచేసి సుబేదారుగా పదవీ విరమణ చేశారు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎం.ఎం. 1ఎ పిస్టల్ గురించి ఆయన చెబుతుంటే చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో టొరంటోలోని జాన్ ఇంగ్లిస్ కంపెనీ చేసిన బ్రౌనింగ్ హై-పవర్‌ నమూనా మీదే దాన్ని తయారుచేశారని అమెరికా వచ్చిన తరువాతే తెలిసింది. అప్పటి నుంచి ఒక ఇంగ్లిస్ కొనాలన్న కోరిక ఉంది.

మా ఊళ్లోని ఒక దుకాణంలో ఇప్పుడు ఒకటి అమ్మకానికి వచ్చింది. సీరియల్ నంబరులో 'సిహెచ్' అన్న అక్షరాలున్నాయి. వెనక 500 మీటర్ల దాకా గీతలున్న సైటు (గురిచూసే భాగం), పిడి వెనక భుజానికి ఆనించే చెక్క స్టాక్ తగిలించే గాడి ఉన్నాయి గానీ స్టాక్ లేదు. స్లైడ్ (పైన ముందుకూ వెనక్కీ కదిలే భాగం) మీద చైనా అక్షరాలు లేవు, దిగుమతిదారు ముద్ర కూడా ఎక్కడా కనబడలేదు. రెండు మ్యాగజైన్లతో (పిడిలో దూర్చే తూటాల పెట్టెలతో) కలిపి 2,400 డాలర్లు చెబుతున్నారు. రెండూ యుద్ధకాలం నాటివేననీ, విడిగా కొనాలంటే ఒక్కొక్కటి 150 డాలర్లకు తక్కువ దొరకదనీ దుకాణదారు అంటున్నారు.

నాకు వచ్చిన అనుమానం మ్యాగజైన్ల విషయంలోనే. బటన్ నొక్కితే ఒక మ్యాగజైన్ కొద్దిగా కిందికి జారి ఆగిపోతోంది, చేత్తో లాగితే తప్ప రావడం లేదు. రెండోది మాత్రం టక్కున బయటికి దూకుతోంది. మొదటిది పాడైందా, లేక పిస్టల్‌లోనే ఏదైనా లోపముందా? లోపమే అయితే ధర ఎంత తగ్గించమని అడగవచ్చు? వచ్చే నెలలో నాన్నగారు ఇక్కడికి వస్తున్నారు, ఆయన చేత రేంజిలో నాలుగు తూటాలు కాల్పించాలని నా ఆశ.

ఒహాయో నుంచి, జవాబు:

మీ పిస్టల్‌లో లోపమేమీ లేదండి. బయటికి రాని మ్యాగజైనే పాతది, దూకి వచ్చేది తరువాతి కాలం నాటిది.

హై-పవర్‌లో మ్యాగజైన్ సేఫ్టీ అని ఒక చిన్న భాగం ఉంటుంది. అది ట్రిగ్గర్ వెనక నుంచి మ్యాగజైన్ ముందు గోడను స్ప్రింగుతో ఒత్తిపట్టి ఉంచుతుంది. మ్యాగజైన్ లేనప్పుడు ట్రిగ్గర్ లాగినా హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) పడకుండా చూడడం దాని పని, కానీ ఆ ఒత్తిడి వల్లనే మ్యాగజైన్ తన బరువుతో తాను జారిపడదు, సైనికుడు ఎడమ చేత్తో పట్టి లాగవలసిందే. ఈ ఇబ్బంది తీర్చడానికి చాలా ఏళ్ల తరువాత మ్యాగజైన్ అడుగు పలకకు ఎలుకల బోను తీగ వంటి స్ప్రింగు తగిలించారు, బటన్ నొక్కగానే అది మ్యాగజైన్‌ను కిందికి తన్నుతుంది. 1944, 1945లలో ఇంగ్లిస్ ఈ పిస్టళ్లను చేస్తున్నప్పుడు ఆ ఏర్పాటు లేదు. మీ రెండో మ్యాగజైన్ అడుగు భాగాన్ని గోటితో తడిమి చూడండి, ఆ తీగ తగిలిందంటే "రెండూ అప్పటివే" అన్న మాట అక్కడితో తేలిపోతుంది.

ఇంకొక పరీక్ష కూడా చేయండి. మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకున్నాక, దుకాణదారు అనుమతితో ట్రిగ్గర్ లాగండి. హ్యామర్ పడకూడదు. పడితే, ట్రిగ్గర్ తేలిక కావాలని ఎవరో ఆ సేఫ్టీని పీకేశారని అర్థం. వాడుకకు కొనేవారు అది పట్టించుకోరు గానీ, సేకరణ కోసం కొనేవారు తప్పకుండా ధర తగ్గిస్తారు.

ధర సంగతికి వస్తే, మీరు చూస్తున్నది చైనా ప్రభుత్వం కోసం చేసిన నంబర్ 1 రకం. మొత్తం సుమారు 1,51,000 పిస్టళ్లు తయారయ్యాయి, 'టి' అక్షరంతో, మామూలు సైటుతో వచ్చినవి కెనడా, బ్రిటన్ సైన్యాల నంబర్ 2 రకం. చైనాకు సరుకు చేరాలంటే మన దేశం మీదుగా హిమాలయాలు దాటించవలసి వచ్చేది, చేరకుండా మిగిలిపోయిన 'సిహెచ్' పిస్టళ్లను కెనడా సైన్యం తానే వాడుకుంది. చైనా అక్షరాలున్న వాటికి గిరాకీ ఎక్కువ, మీది ఆ కోవలోకి రాదు. దిగుమతిదారు ముద్ర లేకపోవడం మాత్రం మీకు కలిసొచ్చే విషయం. అమెరికాలో 1968 నాటి తుపాకుల చట్టం సైనిక మిగులు తుపాకుల దిగుమతిని ఆపింది, 1984లో పాత వస్తువులుగా గుర్తించినవాటికి తలుపు తెరిచారు, ఆ తరువాత వచ్చినవాటి మీద దిగుమతిదారు పేరు చెక్కి ఉంటుంది. ముద్ర లేనిది అంతకుముందే దేశంలోకి వచ్చిందని అనుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు చూడవలసింది పైపూత. ఇంగ్లిస్ వాళ్ల పూత నిగనిగలాడదు, బొగ్గు రంగులో గరుకుగా ఉండే ఫాస్ఫేటు పూత అది. అక్షరాల అంచులు మెత్తబడి, లోహం అద్దంలా మెరుస్తుంటే ఎవరో సానపట్టి మళ్లీ పూత వేయించారన్నమాట. అటువంటిదానికి నేనైతే సగం ధర కూడా పెట్టను. పూత అసలుదే అయితే 2,400 మరీ అన్యాయం కాదు. అయినా రెండో మ్యాగజైన్‌కు వేసిన 150 తీసేయమని, వీలైతే ఇంకొంచెం తగ్గించమని అడగండి.

కాల్చడానికి మాత్రం ఆ పాత మ్యాగజైన్ వాడకండి, దాచిపెట్టండి. ఇటలీలో మెక్-గార్ చేసే కొత్తవి తెచ్చుకోండి, 13 తూటాలవీ 15 తూటాలవీ దొరుకుతాయి, ఇంగ్లిస్‌లో చక్కగా కూర్చుంటాయి. బెల్జియం ఎఫ్ఎన్ కంపెనీవి, అర్జెంటీనాలో రొసారియో ఫ్యాక్టరీ లైసెన్సు మీద చేసినవి కూడా సరిపోతాయి. హంగరీ ఎఫ్ఇజి పిస్టళ్ల దగ్గరే చాలామంది పొరబడతారు. వాళ్లు చేసిన అచ్చు నకలుకు బ్రౌనింగ్ మ్యాగజైన్ పడుతుంది, పి9ఆర్ అన్నది బయటికి హై-పవర్‌లా కనిపించినా లోపల స్మిత్ అండ్ వెస్సన్ 59ని పోలిన వేరే యంత్రం, దాని మ్యాగజైన్ మీకు పనికిరాదు. .40 క్యాలిబర్ హై-పవర్ కోసం చేసిన మ్యాగజైన్లు కూడా సంతల్లో కలిసిపోయి ఉంటాయి, పక్కన చెక్కిన అంకె చదివి కొనండి. తూటాలు గుండ్రటి ముక్కు ఉన్న మామూలువే వాడండి. పాత బ్యారెళ్లలో తూటా ఎక్కే వాలు దగ్గర చిన్న గూను ఉంటుంది, బోలు ముక్కు తూటాలు అక్కడ తట్టుకుంటాయి.

న్యూజెర్సీ నుంచి, జవాబు:

పై జవాబులో పిస్టల్ గురించి చేర్చవలసింది ఏమీ లేదు, మీ నాన్నగారి విషయం మాత్రం ఒకటి చెప్పాలి. ఆయన విజిటర్ వీసా మీద వస్తున్నట్లయితే, అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఆయన తుపాకీ గానీ తూటాలు గానీ చేత పట్టుకోవడమే నిషిద్ధం, రేంజిలో అద్దెకు తీసుకున్న తుపాకీ అయినా అంతే. హెచ్-1బి మీద ఉన్న మన పిల్లలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఇది తెలియక రేంజిలో ఫోటోలు దిగి అందరికీ పంపేవాళ్లను చూస్తుంటే నాకు గుండె జారిపోతుంది. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, వాటిలో అందుబాటులో ఉన్నది, అమెరికాలోని ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. దాన్ని ఆయన పేరు మీద ముందే తీసుకుని, రేంజికి వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకోమనండి.

మరొక మాట. మీరు ఎప్పుడైనా మా ఎడిసన్ వైపు ఉద్యోగం మారేటట్లయితే ఆ 13 తూటాల మ్యాగజైన్ వెంట తెచ్చుకోకండి. ఇక్కడ 2018 నుంచి పరిమితి 10. నేను నా హై-పవర్‌ను మెక్-గార్ చేసే పది తూటాల మ్యాగజైన్‌తో వాడుతున్నాను, పాతదాన్ని పెన్సిల్వేనియాలో మా తమ్ముడి ఇంట్లో ఉంచవలసి వచ్చింది.

టొరంటో నుంచి, జవాబు:

ఈ పిస్టల్ పుట్టిన ఊళ్లోనే ఉంటున్నాను, కానీ ఇప్పుడు ఇక్కడ ఒకటి కొందామన్నా కొనలేను. 2022 అక్టోబరు 21 నుంచి కెనడాలో మామూలు పౌరులు పిస్టళ్లు కొనడం, అమ్మడం, ఒకరి పేరు నుంచి మరొకరి పేరుకు మార్చడం ఆగిపోయాయి. అందుచేత ఇక్కడి ధరలు మీకు కొలత కావు, అమెరికా వేలాలలో అమ్ముడుపోయిన ధరలు మాత్రమే చూడండి, అడిగిన ధరలు చూసి లెక్కకట్టకండి. చాలామంది కెనడియన్లకు ఇంగ్లిస్ అంటే బట్టలు ఉతికే యంత్రం. మా పాత అపార్టుమెంటు నేలమాళిగలో కూడా ఆ పేరున్న యంత్రమే ఉండేది, ఆ పేరుతోనే పిస్టల్ ఉందంటే మా ఆవిడ నమ్మలేదు.

చెక్క స్టాక్ విషయంలో జాగ్రత్త వహించండి. అసలు ఇంగ్లిస్ స్టాక్‌తో కూడిన చైనా కాంట్రాక్టు పిస్టల్‌ను మీ దేశపు తుపాకుల నియంత్రణ సంస్థ ఎటిఎఫ్ సేకరణ వస్తువుల జాబితాలో చేర్చి, పొట్టి రైఫిళ్ల వంటివాటిని నియంత్రించే 1934 నాటి చట్టం నుంచి మినహాయించింది. గాడి ఉంది కదా అని ఏదో ఒక స్టాక్ కొని తగిలిస్తే మాత్రం అది పొట్టి రైఫిల్ కింద లెక్కకు వస్తుంది.

డాలస్ నుంచి, మళ్లీ:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం దుకాణానికి వెళ్లి మీరు చెప్పినవన్నీ చూశాను. దూకే మ్యాగజైన్ అడుగున తీగ స్ప్రింగు ఉంది. మ్యాగజైన్ లేకుండా హ్యామర్ పడలేదు. పూత గరుకుగానే ఉంది, పిడి ముందు భాగంలో మాత్రం చేతి చెమటకు అరిగి తెల్లబడింది, అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయి. తీగ చూపించగానే దుకాణదారు ఒక క్షణం ఆగి, ఆ మ్యాగజైన్ తన దగ్గర ఉంచుకుని 2,150కి ఇస్తానన్నారు, ఒప్పుకున్నాను. మెక్-గార్‌వి రెండు తెప్పిస్తున్నాను.

రాత్రి నాన్నగారికి ఫోనులో ఈ మ్యాగజైన్ సంగతి చెబితే ఆయన నవ్వి, "బటన్ నొక్కితే తనంతట పడిపోయేది మా దాంట్లో ఎక్కడుందిరా, ఎడమ చేత్తో లాగడం నేర్పడానికే మాకు ఒక పూట పట్టింది" అన్నారు. ఈ ప్రశ్న ముందు ఆయననే అడిగి ఉండవలసింది. వేట లైసెన్సు తీసుకోవాలంటే మాత్రం, "దేనికిరా, ఎవరిని వేటాడాలి?" అని అడుగుతున్నారు, ఇంకా నచ్చజెప్పవలసి ఉంది.