ఫీల్డ్ గోల్ శాతమా, ట్రూ షూటింగా? హార్డెన్ సంగతి తేల్చండి

బ్యాక్‌బోర్డ్:
2018-19 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) సీజన్‌లో జేమ్స్ హార్డెన్ మ్యాచ్‌కి 36.1 పాయింట్లు చేశాడు, కానీ ఫీల్డ్ గోల్, అంటే ఫ్రీ త్రోలు కాకుండా వేసిన షాట్లలో పడినవి, 44.2 శాతమే. ట్రూ షూటింగ్ చూస్తే మాత్రం 61.6! ఫౌల్ అయితే దొరికే ఫ్రీ త్రోలు (పడితే ఒక్కోటి ఒక పాయింట్) కలిపి ఉబ్బించిన నంబర్ ఇది. ఫౌల్ రాబట్టడం షూటింగ్ ఎలా అవుతుంది?

కార్నర్ త్రీ:
బ్రో, పది త్రీల్లో (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) నాలుగు పడితే 12 పాయింట్లు. పది టూల్లో (రెండు పాయింట్ల షాట్లు) ఐదు పడితే 10. మీ ఫీల్డ్ గోల్ శాతం రెండోవాడే గొప్ప అంటుంది. అందుకే ఎఫెక్టివ్ ఫీల్డ్ గోల్‌లో పడిన త్రీని ఒకటిన్నర షాట్‌గా లెక్కిస్తారు. ఆ లెక్కలో హార్డెన్ 54.1.

ఇక ట్రూ షూటింగ్. ఫ్రీ త్రోల సంఖ్యను 0.44తో గుణించి, వేసిన షాట్లకు కలిపి, ఆ మొత్తాన్ని రెట్టింపు చేసి, దాంతో పాయింట్లను భాగించాలి. 0.44 ఎందుకంటే షాట్ పడ్డాక అదనంగా వచ్చే ఫ్రీ త్రో, టెక్నికల్ ఫౌల్ ఫ్రీ త్రో కొత్త పొజెషన్ (జట్టుకి బంతితో దొరికే ఒక అవకాశం) తినవు. షాట్ వేస్తుండగా ఫౌల్ జరిగి బంతి పడకపోతే అది వేసిన షాట్లలో ఎక్కదు. ఆ షాట్ ఫలితం ఫ్రీ త్రోలే కదా, వాటిని వదిలేస్తే ఎలా?

బ్యాక్‌బోర్డ్:
అయితే 2014-15లో డీఆండ్రే జోర్డన్ ట్రూ షూటింగ్ 63.8. హార్డెన్ కంటే మంచి షూటరా? నవ్వుతారు.

కార్నర్ త్రీ:
అతని ఫీల్డ్ గోల్ 71 శాతం, ఫ్రీ త్రో 39.7. ఫ్రీ త్రోల వల్లే 63.8కి పడిపోయాడు. ఉబ్బిస్తుందన్నారుగా!

పాత జెర్సీ:
ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. ట్రూ షూటింగ్ చెప్పేది షూటింగ్ నైపుణ్యం కాదు, ఒక్కో అవకాశానికి ఎన్ని పాయింట్లు వచ్చాయన్నది. డీఆండ్రేవి ఎక్కువగా డంకులు (ఎగిరి బంతిని నేరుగా రింగ్‌లోకి కొట్టడం), అదీ క్రిస్ పాల్ లాంటివాడు పాస్ అందిస్తే. మ్యాచ్‌కి 11.5 పాయింట్లవాణ్ని 36 పాయింట్లవాడి పక్కన పెట్టి ఒక్క శాతంతో తూచకండి. 2015-16 స్టీఫెన్ కర్రీని చూడండి: 402 త్రీలు, మ్యాచ్‌కి 30.1 పాయింట్ల సగటు, అయినా ట్రూ షూటింగ్ 66.9. అంత భారం మోస్తూ ఆ నంబర్ రావడమే అసలు విశేషం.

బ్యాక్‌బోర్డ్:
కర్రీ విషయంలో గొడవే లేదండీ. హార్డెన్ 2018-19లో మ్యాచ్‌కి 11 ఫ్రీ త్రోలు వేశాడు. 2021-22 నుంచి డిఫెండర్ మీదకి ఒరిగి వేసే అసహజ షాట్లకు ఫౌల్ ఇవ్వొద్దని ఎన్‌బీఏనే చెప్పింది. రిఫరీ విజిల్ మారితే మారిపోయేది షూటింగ్ కొలత ఎలా అవుతుంది?

కార్నర్ త్రీ:
త్రీ పాయింట్ లైన్ కూడా 1979లో లీగ్ గీసిందే. దాన్నీ తీసేద్దామా?